గీత మీద గుల్జార్

పరుగులో గుల్జార్‌ని పట్టుకోగల పిల్ల దేరాలోని ఆ స్కూల్లో లేదు. చిక్కంతా బయల్దేరడంలోనే. పిస్టలు పేలి మిగతా పిల్లలంతా గీత దాటి వెళ్ళిపోయాక, ఈవిడగారు ఏదో గుర్తొచ్చినట్టు లేచేది. దారిలో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చినా, చివరికి మూడోదో నాలుగోదో అయ్యేది.

వచ్చే గురువారం మళ్ళీ పరిగెత్తిస్తానని, మొదటి ఇద్దరిలో వస్తేనే అబుదాబీ పోటీలకు తీసుకెళ్తానని పీటీ టీచరు తేల్చి చెప్పింది. ఆ రోజు గుల్జార్ అన్నం ముట్టలేదు.

"పిల్ల ఆ చప్పుడుకు జడుసుకుంటాంది" అని తల్లి ఫాతిమాబీ తేల్చేసింది.

"కాదు, మోకాళ్ళలో బలం లేదు" అన్నాడు తండ్రి ఇమామ్ హుస్సేన్. నైఫ్ బజారులో దర్జీ ఆయన. ప్రొద్దుటూరు నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి, కుట్టుమిషను తొక్కి బతుకు వెళ్ళదీసే తనకు తెలిసినంతగా కాళ్ళ సంగతి ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఇద్దరి మాటా నెగ్గింది. సాయంత్రాలు మిద్దె మీద, ఆరేసిన బట్టల మధ్య గుల్జార్ పిట్టగోడను రెండు చేతులా నెడుతూ మోకాళ్ళు ఎత్తేది, గొంతుకూర్చుని ఒక్కసారిగా ఎగిరేది. తర్వాత సుద్దముక్కతో గీసిన గీత మీద వేళ్ళు ఆనించి వంగేది. కింది వాటాలో ఉండే జగిత్యాల హన్మాండ్లు, కిరాణా కాగితం సంచిలో గాలి ఊది ఫట్‌మని పేల్చేవాడు. ఫాతిమాబీ పప్పన్నం పుణ్యమా అని ఆమెకు తమ్ముడైపోయాడతను.

"అక్కా, మా కంపెనీ పెద్దసారు, ముదీర్ గూడ గింత మంచి పని ఎన్నడు జెప్పలే" అని మురిసిపోయాడు. కింద వీధిలో ఎవరో "అరె, క్యా హువా?" అని అరిచారు.

గుల్జార్ మాత్రం బెదరలేదు. అలాగని కదలనూ లేదు. కాస్త ఆగి, అప్పుడు లేచింది.

"ఏంది బిడ్డా, చాయ్ తాగి బయలెల్లినవా?"

ఎన్ని సంచులు పేలినా అంతే. ఒకరోజు ఫాతిమాబీ ఆరిన బట్టలు తీస్తూ పిల్లకు ఎదురుగా నిలబడింది. సంచి పేలింది. పిల్ల పెదవులు కదిలాయి. తర్వాత కాళ్ళు కదిలాయి.

"ఏందే గొణుక్కుంటాండావు?"

"బిస్మిల్లా అంటాండా. ఏ పని మొదలుపెట్టినా అనాలని నువ్వే కదమ్మా చెప్పినావు. అంతా అనేదాకా కదలను."

ఫాతిమాబీ చేతిలోని దుప్పటి జారిపోయింది. అదన్నమాట సంగతి! కానీ దేవుడి పేరు మానెయ్యమని ఏ తల్లి చెబుతుంది? "నా నోటితో నేను చెప్పను, నువ్వే చూసుకో" అని ఇమామ్ హుస్సేన్ మెల్లగా దుకాణానికి జారుకున్నాడు.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగిస్తూ ఫాతిమాబీ తనను తానే గమనించుకుంది. అగ్గిపెట్టె అందుకుంటూనే బిస్మిల్లా అనేసింది. మంట వచ్చేసరికి మాట పూర్తయిపోయింది. ఆమె కూతుర్ని నిద్రలేపింది.

"పరుగు ఎప్పుడు మొదలైతాదే?"

"పిస్టలు పేలితే."

"కాదు. నువ్వు గీత మీద వేళ్ళు పెట్టినప్పుడే మొదలైపోయినట్టు. అప్పుడే మనసారా అనుకో. ఆ పైన నోరు కట్టెయ్."

దాంతో ఇంకో తంటా వచ్చిపడింది. నోటికి పని లేకపోయేసరికి పిల్ల సంచి పేలకముందే దూకడం మొదలుపెట్టింది. బుగ్గలు పూరించుకున్న హన్మాండ్లు లబోదిబోమన్నాడు. "ఆగు బిడ్డా, ఇంకా సంచి గూడ నిండలే!"

"చప్పుడు కోసం కాచుకోవాకు" అంది ఫాతిమాబీ. "నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు నీ ఏడుపు కోసం నేను చెవులు రిక్కించుకోని కూర్చున్నానా? నా పనిలో నేనుంటి. నువ్వు కుయ్యిమంటే కాళ్ళే లేచివచ్చె. వెనక కాలు మీద మనసు పెట్టు, చాలు. అదే లేస్తాది."

గురువారం స్కూలు మైదానంలో, తాడు ఇవతల ఆడవాళ్ళ మధ్య ఫాతిమాబీ నిలబడింది. గుల్జార్ వంగింది. వేళ్ళు గీతకు ఆనగానే పెదవులు కదిలాయి, మూసుకున్నాయి. టీచరు 'సెట్' అంది. ఆ తర్వాత ఎంతకూ పేల్చదే! పక్క పిల్ల ఊగింది. గుల్జార్ ఊగలేదు. తాడు పట్టుకుని ఫాతిమాబీయే ముందుకు ఊగింది.

పిస్టలు పేలింది. గుల్జార్ అందరికంటే ముందు లేచింది. లేచినది లేచినట్టే చివరిదాకా పోయింది. ఆమె వెనక చాలాసేపటికి గానీ ఇంకెవరూ రాలేదు.

రొప్పుతూ పరిగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది. "అమ్మా, అబుదాబీ! రిలేలో కూడా పెట్టినారు. నాదే మొదటి పరుగు!"

ఫాతిమాబీ మొహం చిన్నబోయింది. "మొదటిదా? ఆఖర్న వచ్చే పిల్లకే కదే చప్పట్లన్నీ. నేను పోయి టీచర్ని అడుగుతా ఉండు."

"అయ్యో అమ్మా, బాగా బయల్దేరే పిల్లకే మొదటిది ఇచ్చేది! అందరిలోకీ నేనే బాగా బయల్దేరతానంట!"

ఫాతిమాబీ ఆ మాటను ఇంకోసారి చెప్పించుకుంది. పక్కనున్న ఆవిడకు తెలుగు రాదని తెలిసీ, ఆవిడ వైపు తిరిగి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.