తెచ్చినవాడే ముందు తినాలి

“ఇవి ఏం గింజలు?” అని అడిగిన పాపానికి ముసలి సియమ్వేలాను కాంట్రాక్టరు మనుషులు గోదాము మెట్ల మీద నుంచి కిందికి తోసేశారు. ముసలాయన మోచెయ్యి విరిగింది. రెండు ఊళ్ల జనం వరసలో నిలబడి చూశారు. ఒక్కరూ కదల్లేదు.

నమూంగ కూడా కదల్లేదు. వీపున కట్టుకున్న కూతురు త్వాంబో ఆకలికి ఏడ్చే ఓపిక కూడా లేక మెడ వాల్చేసింది. జాంబేజీ నది లోయకు కొన్నేళ్లుగా వరసగా వానలు మొహం చాటేశాయి. మేకలు పోయాయి, గాదెలు ఊడ్చుకుపోయాయి. ఇక దిక్కు పైదేశాలు పంపే సహాయం గింజలే. వాటిని పంచే కాంట్రాక్టు హమ్వేనేది. నది ఒడ్డున నీటి మోటార్లతో పండే భూములన్నీ కూడా ఆయనవే.

తెల్లటి మొక్కజొన్న తిని పెరిగిన జనానికి ఈ పసుపుపచ్చ గింజ కొత్త. రేడియో ఒకరోజు తినొద్దంది, మరొకరోజు తినొచ్చంది. పట్నంలో చదివే మేనకోడలు లుయాండో సెలవుల్లో వచ్చినప్పుడు తెలిసినంత చెప్పింది. పురుగు తింటే పురుగే చచ్చేలా విత్తనం లోపలి గుణాన్ని మార్చారట. మనుషులకేమీ కాదని చేసినవాళ్లు అంటున్నారట. “నిజమే కావచ్చు అత్తా,” అంది లుయాండో. “కాని తినేటోళ్లకు ఒక్క ముక్క చెప్పకపోవుడేంది?”

చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. ఈ లోయ ఆడవాళ్లకు విషాన్ని వండుకు తినడం కొత్తేం కాదు. కరువొస్తే అడవిలో చేదు దుంప తవ్వుతారు. బూడిద నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు. మళ్లీ ఉడికించి మళ్లీ పారబోస్తారు. చేదంతా విరిగాకే నోట పెడతారు. నమూంగ ఆ పచ్చ గింజల్నీ అలాగే వండింది. దంచి ఉడికించి గంజి వార్చి పారబోసింది. సత్తువంతా మట్టిలో ఇంకిపోగా మిగిలిన పిప్పిని పిల్లకు పెట్టింది. ఇంటింటా అదే వంట. కొన్నాళ్లకు త్వాంబో కాళ్లు వాచాయి.

దవాఖానాలో నర్సు చడామడా తిట్టింది. “గంజి పారబోస్తరా ఎవరన్న? నీకు బుద్ధున్నదా?”

“విషముంటదేమో అనుకున్న.”

“విషమని ఎవరు చెప్పిండ్రు నీకు?”

“కాదని ఎవరు చెప్పిండ్రు?”

తన చేత్తోనే తన బిడ్డను పస్తు పెట్టుకున్నానని నమూంగ దారి పొడుగునా ఏడ్చింది. ఊరి పొలిమేర చేరేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. కనబడిన ప్రతి ఆడదాన్నీ ఆపి జరిగింది చెప్పింది.

పంపకం రోజున ఎవరూ వరస కట్టలేదు. గోదాము ముందు కుండ పెట్టి, పచ్చ పిండిని ముద్దగా ఉడికించి గట్క వండి, చుట్టూ కూర్చున్నారు. కడుపులో పడితే చాలు, ఏదైతేనేం అని కొందరు మగవాళ్లు గొణిగారు. తింటే ఏమవుతుందో, మానితే ఏమవుతుందో తెలియకుండా ఎలా తేల్చుకుంటారని ఆడవాళ్లు ఎదురు తిరిగారు. వాదన ముదిరి కేకలయ్యింది. ఆ గోలలోనే హమ్వేనే, సహాయం ఆఫీసరు జీపు దిగారు.

గింజలు పంపిన దేశాల్లో అందరూ తింటారని ఆఫీసరు నచ్చజెప్పబోయాడు. నమూంగ లేచింది. “ఆళ్లు తినేది ఎన్ని కూరల నడుమ ఎంత సారూ? మాకు పొద్దుగాల ఇదే, మాపటికి ఇదే. పాలు మానిన పిల్లకూ ఇదే. గిట్ల తిన్నోళ్లను ఎవరన్న చూసిండ్రా?”

ఆఫీసరు కనుక్కొని చెబుతానన్నాడు.

“పెడితే తినాలె, లేకుంటే పస్తుండాలె. మీకు నకరాలెక్కువైనయి,” అన్నాడు హమ్వేనే.

“మా లోయల ఒక కట్టుబాటున్నది దొరా,” అంది నమూంగ. “తెలవని దుంప ఎవరు తెస్తే ఆళ్లే ముందుగాల తినాలె, అందరి ముంగట. తిను మరి.”

హమ్వేనే నవ్వి, ఓ ముద్ద చిదిమి నోట్లో వేసుకున్నాడు. ఆఫీసరు హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు విరిగిన చేతిని మెడకు కట్టుకున్న సియమ్వేలా ముందుకొచ్చాడు.

“ఒక్క ముద్దతోని తేలదు బిడ్డా. నీ పెండ్లాం పిల్లలను తోలుకరా. వానలు పడేదాంక పూటపూటకూ మా కుండల మాతోటే తినుండ్రి.”

“నా పిల్లలా?” హమ్వేనే మొహం కందగడ్డయింది. “నా పిల్లలకేం ఖర్మ, దీన్ని తిననీకి?”

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటిదాకా గొణిగిన మగవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

“మరి మా పిల్లలకేం ఖర్మ?” అంది నమూంగ. “నీ ఎనక గోదాముల తెల్లగింజలున్నయి. నీ పొలాల అవి కోసింది మేమే, బస్తాలకెత్తింది మేమే. ధర పెరగాలని దాచినవు. తియ్యి తాళం.”

ఆయన తియ్యలేదు. రోకళ్లు తీశాయి. తోసేవాడూ లేడు, దోచేవాడూ లేడు. ఆడవాళ్లే ఇంటికొక చాట చొప్పున కొలిచి పోశారు. పచ్చ బస్తాలను మాత్రం ముడి విప్పకుండా నెత్తికెత్తుకున్నారు.

సాయంత్రానికి పోలీసులొచ్చి నమూంగ వీపు మీది పిల్లను విడదీసి, ఆమెను బండెక్కించారు. బండి వెనకే రెండు ఊళ్లూ నడిచాయి. పచ్చ బస్తాలను స్టేషను వాకిట్లో వరసగా పేర్చి, వాటి మీదే కూర్చున్నాయి. లోపల ఏముందో, పూటపూటా తింటే ఏమవుతుందో రాతపూర్వకంగా చెప్పేదాకా కదిలేది లేదన్నాయి. అక్కడే పొయ్యి రాజేసి తెల్లపిండితో గట్క వండారు.

లాకప్పు కిటికీ ఊచలు పట్టుకుని నమూంగ కేకేసింది. “లుయాండో, పిల్ల తిన్నదా?”

“తిన్నది అత్తా. ఇంక కావాల్నంటుంది.”

“పెట్టు. ఒడిసిపోతే మళ్ల ఆ గోదాముకే పోండ్రి,” అంది నమూంగ, ఇన్‌స్పెక్టరుకు బాగా వినబడేలా.