చెవి వెనక బొడిపెలు

ఆమె నోట్లో నువ్వుగింజ నానదని తన పార్లరుకొచ్చే ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరి జుట్టు ఊడుతోందో, ఎవరిది విగ్గో, అడక్కుండానే చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం మూడు నెలలు కడుపులో దాచుకుంది.

అమ్మ తలకు నెలనెలా రంగు వేసేది తనే. మూడు నెలల కిందట పాయ తీస్తుంటే చెవి వెనక రెండు బొడిపెలు వేలికి తగిలాయి. మిరియపు గింజంతేసి. నొప్పి లేదు, దురద లేదు. రంగుల కంపెనీ ఏజెంటు మాట నమ్మి ఆమె కొత్త రంగు మొదలుపెట్టింది అంతకు ముందు నెలే. ఇంకేముంది, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. గప్‌చిప్‌గా పాత రంగుకే వచ్చేసింది. పైనెలకు బొడిపెలు మూడయ్యాయి, ఆ పైనెలకు ఐదు. వాటికి అంటకుండా బ్రష్షు పక్కకు తిప్పడం మాత్రం భేషుగ్గా నేర్చుకుంది. ఆ తెలివేదో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడంలో చూపించి ఏడవచ్చుగా!

మొన్న దువ్వెనకు రక్తం అంటింది. "తలలో ఏవో గడ్డల్లా ఉన్నాయమ్మా, చూపిద్దాం," అంది, అప్పుడే చూసినట్టు.

"అలాగే, పద," అంది అమ్మ. ఏం గడ్డలని కూడా అడగలేదు.

చర్మం డాక్టరు చాలాసేపు నొక్కి నొక్కి చూశాడు. "ఎన్నాళ్ల నుంచి?"

కూతురు నోరు తెరిచేలోగా, "ఆర్నెల్లు దాటింది బాబూ," అంది అమ్మ. కూతురు మొహం చూసి, "నీ రంగు పడలేదేమో అనుకున్నానే. చెప్తే కుమిలిపోతావని ఊరుకున్నా," అంది.

"రంగుకీ దీనికీ సంబంధం లేదండీ. ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇంత ఆలస్యం చేయకూడదు," అన్నాడు డాక్టరు.

తప్పు తనది కాదట. మూడు నెలలుగా ఆ ఒక్క మాట కోసమే కొట్టుకుపోయింది. తీరా విన్నాక ఏమీ అనిపించలేదు. రంగే అయ్యుంటే మానేస్తే పోయేదిగా అనుకుంది, అదీ ఎవరి గురించో అనుకున్నట్టు.

అక్కడ జుట్టు తీసేయాలని నర్సు రేజరు తెచ్చింది.

"ఇలా ఇవ్వండి, నేను తీస్తా."

అమ్మ అలవాటుగా తల వంచింది. కూతురు పాయ తీసి, క్లిప్పు పెట్టి గీయసాగింది. జుట్టు పోయేకొద్దీ దాక్కున్నవన్నీ బయటపడ్డాయి.

"ఎన్నున్నాయే?"

"ఐదేనమ్మా."

"రోజూ తడిమి చూసుకుంటున్నానే నేను. సరిగ్గా చెప్పు."

"తొమ్మిది."

అమ్మ చెయ్యెత్తి చెవి వెనక తడుముకుంది. "పొద్దున నాకు ఎనిమిదే తగిలాయే," అంది.