మేనకోడలు అంటించిన ఎర్రకాగితం

ఆయన్ని అందరూ రసమట్టం అనేవాళ్లు. గోడ వంకర పోకుండా తాపీమేస్త్రీలు పెట్టి చూసుకునే ఆ చిన్న పరికరం పేరు ఆయనకు ఎప్పుడో స్థిరపడిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా బుల్డోజరు నడుపుతున్న మనిషి. ఒక కన్ను మూసి నేలవంక చూశాడంటే, ఈ మూల రెండు వేళ్లు ఎత్తుందనో, ఆ మూల బెత్తెడు పల్లముందనో చెప్పేసేవాడు. తర్వాత సర్వేయరు వచ్చి కొలిస్తే అంతే ఉండేది.

అలాంటి మనిషి నడిపే బుల్డోజరు అద్దం మీద ఒక సోమవారం ఉదయం పని ఆపమంటూ ఎర్రకాగితం పడింది. అంటించింది ఆయన సొంత మేనకోడలు. ఊరి కార్యాలయంలో మట్టి ఇన్‌స్పెక్టరుగా చేరి అప్పటికి నాలుగు రోజులయింది, అంతే.

ఊరి చివర కొండవాలు మీద కొత్త బడి కట్టబోతున్నారు. దానికి నేల చదును చేసే పని రసమట్టానిది. వాలు కింద ఒక సందు, సందుకి అవతల ఒక లాండ్రీ, లాండ్రీ వెనక వాగు. ఊళ్లో సగం మంది ఈత నేర్చుకున్నది ఆ వాగులోనే.

"ఆపరేటర్ గారూ, ఒకసారి కిందికి దిగుతారా?" అంది మేనకోడలు. తలమీద పసుపు టోపీ, చంకలో కాగితాలు బిగించిన అట్ట.

రసమట్టం ఇంజను ఆపకుండానే నవ్వాడు. "ఏంటే, మామయ్యని పట్టుకుని గారూ గీరూ అంటున్నావు? ఎక్కు, ఒక రౌండు తిప్పుతా."

"దిగండి," అందామె మళ్లీ. ఆ గొంతు విని ఆయన దిగాడు.

ఆమె ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు. వాలు అడుగున కర్రలకి కట్టిన గుడ్డ దగ్గర ఆగింది. వాన నీళ్లతో కొట్టుకొచ్చే మట్టిని ఆపడానికి కట్టిన గుడ్డ అది. కిందిభాగం గాలికి హాయిగా ఊగుతోంది.

"ఇది బట్టలారేసినట్టుంది. నీళ్లు అడుగునుంచి చక్కా జారిపోతాయి. జానెడు లోతు కాలువ తీసి, గుడ్డ అంచు అందులోకి దింపి, మట్టి కప్పి తొక్కాలి. గేటు దగ్గర కంకర పరవలేదు. లారీ టైర్ల బురద బస్టాపు దాకా చారలు కట్టింది, చూశారా? మురికి నీళ్లు నిలబడి తేటపడ్డానికి గుంట లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మొత్తం వాలంతా ఒకేసారి ఎందుకు గీకేశారు?"

"గీకడమా!" రసమట్టానికి తల కొట్టేసినట్టయింది. "ఒకే ఊపులో తీస్తేనే వాలుకి అందం. ఇంత పని చేసినవాణ్ణి పట్టుకుని గీకావంటావా?"

"అందం నేనూ చూశాను. కానీ ఊరి నిబంధన ఒకటుంది. పద్నాలుగు రోజులు ముట్టుకోకుండా వదిలేసే నేల ఏదైనా సరే, విత్తనాలు చల్లి ఎండుగడ్డి కప్పి తీరాలి. ఈ పైభాగాన్ని మీరు వదిలేసి పది రోజులయింది."

చెప్పవలసింది చెప్పి ఆమె నింపాదిగా వెళ్లి ఎర్రకాగితం అంటించింది. కాంట్రాక్టరు తళతళలాడే బూట్లతో ఆయాసపడుతూ వచ్చాడు. కాగితం చదివి, రసమట్టాన్ని పక్కకి లాగి, "మీ అమ్మాయే గదా, ఒక మాట చెప్పి చూడండి," అన్నాడు. రసమట్టం చెప్పి చూశాడు.

"మామయ్యా అని పిలవమంటే వందసార్లు పిలుస్తాను," అంది మేనకోడలు. "కాగితం మాత్రం తీయను."

ఇబ్బందేమిటంటే ఆమె ఉండేది ఆయన ఇంటి మేడ మీద గదిలోనే. సాయంత్రం ఆయన భార్యతో కలిపి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చోక తప్పలేదు. రసమట్టం మూతి ముడుచుకుని పళ్లెంలోకి చూస్తూ, "దాన్ని ఉప్పు అందించమను," అన్నాడు భార్యతో.

"ఎదురుగానే ఉందిగా, మీరే అడగండి," అంది భార్య.

"అత్తయ్యా, ఉప్పు అందించడానికి నిబంధనలేమీ లేవని మామయ్యకి చెప్పు," అంది మేనకోడలు.

భార్య కడుపుబ్బ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "అది మాత్రం ఏం చేస్తుందండీ? పోయినేడు ఇంకెవరో మట్టి వదిలేస్తే వాగు రెండు నెలలు ఎర్రగా పారింది. మరకలు పడి లాండ్రీ ఆమె ఎన్ని దుప్పట్లు పారేసుకుందో మీకు తెలీదూ?" అంది.

తెలుసు. తెలుసు కాబట్టే ఆయనకి ఇంకా ఉక్రోషం వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో మెట్ల మీద కూర్చున్నాడు. ఒళ్లో నిబంధనల పుస్తకం. మేనకోడలు మేజా మీద మరిచిపోయిందనుకుని పట్టుకొచ్చుకున్నాడు గానీ, ఆమె కావాలనే అక్కడ వదిలిందని భార్యకి తెలుసు. అందులో ఏదైనా తప్పు పట్టుకోవాలని ఆయన పంతం. మొదటి ఇరవై పేజీలు తిట్టుకుంటూ చదివాడు. తర్వాతి ఇరవై తిట్టడం మరిచిపోయి చదివాడు. మట్టిని ఆపడం గురించి వీళ్లెవరో తన కన్నా ఎక్కువ ఆలోచించారని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఒప్పుకోకుండా ఉండడానికీ వీల్లేకపోయింది. చివర్లో బడి స్థలం పటం మడతపెట్టి ఉంది. మడత విప్పాడు. మురికినీటి గుంట తవ్వవలసిన చోటు పటంలో గేటు పక్క ఎడమ మూలన ఉంది.

రసమట్టం ఒక కన్ను మూశాడు. తన వాలు కళ్లముందు కదిలింది.

"దొరికింది!" అని అరిచాడు. ఒలికిన కాఫీని కూడా పట్టించుకోలేదు.

తొమ్మిదింటికల్లా వాలు దగ్గర మేనకోడలి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. "గుంట ఆ మూలన తవ్వితే లాభం లేదమ్మాయ్. నీళ్లు అటు పోవు."

"పటంలో ఎత్తులన్నీ కొలిచే వేశారు మామయ్యా."

"అప్పుడు కొలిచిన నేల ఇప్పుడుందా? దాన్ని నేనే గదా కోసి అవతల పారేసింది! ఇప్పుడు కుడి మూల నాలుగు వేళ్లు పల్లం."

ఆమె అట్ట మీద కాగితాలు తిరగేసింది. "నీ కన్ను సంగతి నాకు తెలుసు. కానీ నీ కన్ను చూసి నేను సంతకం పెట్టలేను. రుజువు కావాలి."

రసమట్టం వేలు చూపించాడు. దుమ్ము లేవకుండా చల్లడానికి తెచ్చిన నీళ్ల ట్యాంకరు గేటు దగ్గర ఆగి ఉంది.

ట్యాంకరును వాలు పైకెక్కించి గొట్టం వదిలారు. నీళ్లు మట్టి మీద పడి, ఒక్క క్షణం ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు నిలబడ్డాయి. ఓ పాయ ఎడమకి నాలుగడుగులు వేసింది. ఆ పాయ అక్కడే ఇంకిపోయింది. మిగతా నీళ్లన్నీ ఒక్కసారి కుడికి తిరిగి, గునగునా పరుగెత్తి, సందు దాటి, లాండ్రీ గోడకి కొట్టుకున్నాయి.

లాండ్రీ ఆమె తలుపు తోసుకుని బయటికొచ్చింది. "ఎవరయ్యా అది, నా దుప్పట్ల మీదికి వరద తోలేది?"

"నేనేనమ్మా, నేనే!" అని చేతులెత్తి ఎగిరాడు రసమట్టం. తిట్టించుకుంటూ అంత సంబరపడే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదేమో, తిట్టడం ఆపేసింది.

మేనకోడలు కాసేపు నీటి దారినే చూసింది. తర్వాత టేపు తీసి కొలిచింది. ఇంకోసారి కొలిచింది. ఫోను చేసి పై అధికారితో పావుగంట మాట్లాడింది. పటం మీద ఎడమ మూల గుంట కొట్టేసి, కుడి మూలన కొత్త గుంట గీసి, కింద తేదీ వేసింది.

"పటం తప్పయినా సంతకం నాదయ్యేది," అంది నెమ్మదిగా. "పరువు నిలబెట్టావు మామయ్యా."

"నీ పుస్తకం కూడా మరీ అంత చెత్తగా ఏం లేదులే," అన్నాడాయన.

ఇక చూడాలి ఆ పని! మంగళవారం మధ్యాహ్నానికి కుడి మూలన గుంట తయారయింది. దాని గట్టుకి రాళ్లు పేర్చారు. బురద అడుగున దిగి, పైన తేరుకున్న నీళ్లు మాత్రమే బయటికి పోయేలా కాస్త ఎత్తులో ఒక గొట్టం బిగించారు. గుడ్డ అంచు జానెడు లోతుకి దిగింది. రసమట్టం స్వయంగా దాని పొడవునా నడిచి కాళ్లతో తొక్కాడు. గేటు దగ్గర కంకర పడింది. బుధవారం సాయంత్రం మేనకోడలు వచ్చి, అన్నీ చూసి, అద్దం మీది కాగితం గోటితో గీరి తీసేసింది.

ఒకటే మిగిలింది. పైభాగం కప్పాలి. ఎండుగడ్డీ విత్తనాలూ తెచ్చే లారీ ఎక్కడో చెడిపోయి, గురువారం రావలసింది శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి భారీ వాన అని రేడియోలో చెప్పారు. చూస్తే రెండెకరాల వాలు. పనివాళ్లు అయిదుగురు.

కాంట్రాక్టరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అయిపోయింది. ఈ వానకి మట్టంతా వాగులోకే."

"ఎంతమంది కావాలి?" అని అడిగింది మేనకోడలు.

"ఇరవై మందైనా కావాలి."

ఆమె సందులోకి పరుగెత్తింది. అయిదు నిమిషాల్లో లాండ్రీ ఆమె తన ఎనిమిదిమంది పనివాళ్లని వెంటేసుకుని వచ్చింది. "కొట్టుకొచ్చేది నా గుమ్మంలోకే గదా, పదండి," అంది. ఫోను అందుకుని రసమట్టం భార్య వచ్చింది. ఆమె వెనక ఆ వీధివాళ్లు నలుగురొచ్చారు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు, బస్సు ఎలాగూ ఆలస్యమేనని, సంచులు పక్కన పెట్టి వచ్చారు.

ముందు రసమట్టం బండెక్కాడు. వాలు మీద పైకీ కిందికీ నడిపాడు. బుల్డోజరు గొలుసు పళ్లు మట్టిలో అడ్డంగా చిన్న చిన్న మెట్లలాంటి గాట్లు వేసుకుంటూ పోయాయి. నీటి చుక్క పరుగు తీయకుండా ఆ మెట్టు మీద కూర్చుంటుంది, విత్తనం కూడా. ఇది పుస్తకంలో ముప్పై నాలుగో పేజీలో ఉంది. ఇన్నేళ్లలో ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

ఆయన నడిపిన చోటల్లా వెనక జనం వరుసకట్టి కదిలారు. ముందు వరుస విత్తనాలు చల్లింది, వెనక వరుస గడ్డి పరిచింది. లాండ్రీవాళ్లు దుప్పట్లు దులిపే లాఘవంతో గడ్డి దులుపుతుంటే మిగతావాళ్లు నోళ్లు తెరిచి చూశారు. "అంత మందంగా వేయొద్దండీ, మొలకకి ఊపిరాడదు!" అని మేనకోడలు ఒక కొసనుంచి అరిస్తే, "పలచగా వేస్తే నువ్వే మళ్లీ కాగితం అంటిస్తావు!" అని రసమట్టం భార్య ఇంకో కొసనుంచి అరిచింది. కాంట్రాక్టరు బూట్లు విప్పేశాడు. పంటి కింద గడ్డి పరక, జుట్టునిండా గడ్డి. ఆయన అంత బాగా కనిపించడం అదే మొదటిసారని లాండ్రీ ఆమె అంటే, సిగ్గుపడి ఇంకో మోపు ఎత్తుకున్నాడు.

ఆఖరి మోపు విప్పేసరికి మూడు కావచ్చింది. మొదటి చినుకు మేనకోడలి టోపీ మీద టప్పున పడింది. జనం కేకలు పెడుతూ లాండ్రీ రేకుల కిందికి పరుగెత్తారు.

వాన మామూలుగా కురవలేదు. రేకుల మీద ఆ చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. అందరి కళ్లూ వాలు మీదే. గడ్డి తడిసి నేలకి అతుక్కుంది గానీ జారలేదు. గుడ్డ వెనక నీళ్లు నిలబడేసరికి అది బొజ్జలా ఉబ్బింది. రసమట్టం రేకుల అంచు దాకా వచ్చాడు. ఉబ్బింది, కర్రలు కొంచెం వంగాయి, అంతే, నిలబడింది. కుడి మూల గుంటలోకి గోధుమరంగు నీళ్లు చేరడం మొదలుపెట్టాయి. మోకాలి లోతు, నడుము లోతు. అరగంట, గంట. వాన సన్నగిల్లేసరికి గొట్టం చివర నుంచి నీళ్లు పడసాగాయి.

ఎలా ఉన్నాయో అంత దూరానికి తెలియడం లేదు. లాండ్రీ ఆమె ఇంక ఆగలేకపోయింది. లోపలికెళ్లి మల్లెపువ్వులాంటి తెల్ల దిండుగలీబు ఒకటి తెచ్చి, వానలోనే నడిచివెళ్లి, గొట్టం కింద పట్టింది. బాగా తడవనిచ్చి, పిండి, రెండు చేతులా చాచి వెలుతురుకి ఎత్తింది. ఇటు తిప్పింది. అటు తిప్పింది.

"ఒక్క మరక లేదు!"

రేకుల కింద ఈలలు, చప్పట్లు. గొట్టంలోంచి తేటనీళ్లు పడుతున్నందుకు పాతికమంది పెద్దవాళ్లు గంతులేయడం ఆ సందు ఎన్నడూ చూసి ఉండదు. మేనకోడలు అట్ట పారేసి మామయ్య మెడకి చుట్టుకుంది. ఆయన ఆమె టోపీ మీద రెండుసార్లు తట్టాడు.

వాన వెలిసింది. తడిసిన గడ్డి మీద ఎండ పడి వాలంతా బంగారంలా మెరిసింది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, రసమట్టం భార్య నడుం మీద చేతులు పెట్టుకుని వాలునే చూస్తూ నిలబడింది.

"ముప్పై ఏళ్లుగా మట్టి తోస్తానంటుంటే ఏదో అనుకున్నాను. ఇంత అందంగా తీస్తారా మీరు?"

రసమట్టం చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఎక్కించండి," అందామె బుల్డోజరు చూపించి.

"ఎవర్ని? నిన్నా?"

"ఇంకెవర్ని? ఎన్నడూ రమ్మనలేదు, నేనూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను."

ఆయన మేనకోడలివంక చూశాడు. ఆమె గంభీరంగా తన టోపీ తీసి అత్తయ్య తలకి పెట్టింది. "కంకర దాటి బయటికి తీసుకెళ్లకండి. తిరిగినంతసేపూ చదును చేసిన మైదానంలోనే," అంది.

భార్య ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, రెండో చేత్తో ఆయన భుజం పట్టుకుని ఎక్కింది. ఇంజను గుర్రుమంది. ఆమె ఒక్క కేక వేసి, వెంటనే నవ్వడం మొదలుపెట్టింది. బడి మైదానం కాబోయే ఆ చదును నేల మీద వాళ్లిద్దరూ నత్తనడకన మూడు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో పగ్గాలు ఆమె చేతికొచ్చాయి.