సెల్లార్ కిటికీ దాకా మట్టి

ఆదివారం పొద్దున తోట చూడటానికి జనం వచ్చేలోపు మూడు కేకులు చల్లారాలి, సెల్లార్ మెట్లు ఊడవాలి. ఆల్ముట్ మెట్ల పనే ముందు పెట్టుకుంది. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోయే బూడిదరంగు పురుగులు కింద నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చాయి. నిన్న ఊడ్చినన్నీ ఇవాళా ఉన్నాయి. వంగి ఎత్తుతుంటే దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. గోడ తడిగా ఉంది.

ఓల్డెన్‌బర్గ్ పట్నం పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో, జూన్‌లో ఒక ఆదివారం తోటలున్నవాళ్ళంతా గేట్లు తెరిచి ఉంచుతారు. ఆమె భర్త ఫోల్కర్ తోటకి ఊరంతా వస్తుంది. మూడేళ్ళ క్రితం తండ్రి పోయాక, ఆయన గులాబీలు పెంచిన చోటే గోడని ఆనించి మట్టి పోయించాడు ఫోల్కర్. సెల్లార్ కిటికీలు సగం మూసుకుపోయేదాకా పోయించి, నీలి పూల పొదలు నాటి, వాటి మొదళ్ళలో మందంగా చెట్టు బెరడు పరిచాడు. కప్పు మీది వాననీళ్ళ గొట్టం కూడా ఆ మడిలోకే తిప్పాడు. మడి వాలు ఇంటివైపే. మొదటి శరదృతువులో సెల్లార్‌లో చెమ్మ వాసన మొదలైంది. రెండో ఏడు గోడ సున్నం పిండిలా రాలింది. మూడో ఏడు అక్కడి ఇస్త్రీ బల్ల వెనక నల్లటి బూజు పట్టింది. ఇదంతా ఆ మట్టి వల్లేనని ఆల్ముట్ చెప్పకపోలేదు. మొదటిసారి చెప్పినప్పుడు ఫోల్కర్ నవ్వాడు. "నువ్వు పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసుకుంటావు. నేల సంగతీ నీటి సంగతీ బళ్ళో పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి నేను." రెండోసారి ముఖం ముడుచుకున్నాడు. "నాన్న గుర్తుగా పెంచుకుంటున్నాను. అది కూడా నీకు కంటగింపేనా?" చనిపోయిన మనిషిని అడ్డం పెట్టాక ఇంక ఏం మాట్లాడుతుంది? పైవాటాలో ఉండే అత్తగారు ఇర్మ్‌గార్డ్ మెట్ల మీంచే తీర్పు చెప్పేది. "కిటికీలు తెరిచి గాలాడనిస్తే ఏ ఇల్లూ చెమ్మెక్కదమ్మాయ్." ఆల్ముట్ రోజుకి రెండుసార్లు తెరిచేది. వేసవిలో తెరిచినకొద్దీ బయటి వేడిగాలి చల్లటి గోడకి తగిలి నీటిబొట్లయ్యేది. వాటిని తుడిచేదీ ఆమే. క్లినిక్‌లో డాక్టరు, "నువ్విలా దగ్గుతుంటే పేషెంట్లు భయపడతారు," అని ఆమెని వెనక గదిలో ఫైళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. ఇంట్లో కిందికి, క్లినిక్‌లో వెనక్కి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మధ్యాహ్నానికి తోట నిండిపోయింది. గడ్డిటోపీ పెట్టుకుని ఫోల్కర్ పూల పేర్లు చెబుతున్నాడు. ఆల్ముట్ కాఫీ పోస్తోంది. నలభై ఏళ్ళు తాపీపని చేసిన త్యాడెన్ అనే ముసలాయన మాత్రం పూలని వదిలేసి గోడనే చూస్తున్నాడు. చేతికర్రతో మట్టిని పొడిచాడు.

"ఇంత ఎత్తు పోశారేం సార్? గోడకి చెమ్మ ఆపే పూత ఇంత పైదాకా ఉండదు. నీళ్ళు తిన్నగా సెల్లార్‌లోకే దిగుతాయి. పురుగులూ వస్తుండాలే?"

ఫోల్కర్ ఆల్ముట్ భుజం మీద చెయ్యి వేశాడు. "పురుగుల సంగతి మా ఆవిణ్ణి అడగండి. కిటికీ తెరవడానికి బద్ధకం తనకి. పైతోట నాది, కిందితోట తనది!"

అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ ఆల్ముట్ కూడా నవ్వబోయింది. పెదాలు కదలలేదు. కాఫీ కూజా బల్ల మీద పెట్టింది.

"అయితే రండి, నా తోట కూడా చూద్దురుగాని," అంది.

పదకొండు మంది కేకు పళ్ళేలతోనే ఆమె వెంట సెల్లార్‌లోకి దిగారు. త్యాడెన్ బొటనవేలితో నొక్కితే గోడ పెచ్చు ఊడి పడింది. ఒకావిడ ముక్కు మూసుకుని, "ఇక్కడేనా నువ్వు ఇస్త్రీ చేసేది?" అని అడిగింది.

"వారానికి మూడు రోజులు."

వాళ్ళ వెనక, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతున్న ఇర్మ్‌గార్డ్ కనిపించింది. ఆవిడ సెల్లార్‌లోకి దిగి ఆరేళ్ళయింది. బూజు వంక చూసి, తిరిగి పైకి ఎక్కిపోయింది.

గేటు మూశాక ఫోల్కర్ ఆమె వైపు తిరిగాడు. "ఊరందరి ముందూ నా పరువు తీశావు. పూలు రాలాక ఆ మట్టి సంగతి చూద్దాంలే అని నేనే అనుకుంటున్నాను." ఆల్ముట్ ముప్ఫై కప్పులూ కడిగి బోర్లించింది. తనంటే తనకే భయం వేసింది.

సోమవారం క్లినిక్‌కి ఫోన్ చేసి రానని చెప్పింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు డాక్టరు.

"బాగానే ఉంది. ఇంట్లో పనుంది."

పార పట్టుకుని గోడ వెంబడే తవ్వడం మొదలుపెట్టింది. బెరడు కింద పురుగులు గుంపులు గుంపులుగా కదిలాయి. చీమలు కిటికీ చట్రంలోకి దారి చేసుకున్నాయి. ఇర్మ్‌గార్డ్ బయటికొచ్చి కందకం అంచున నిలబడింది.

"మీ మామగారు ఇక్కడ గులాబీలు పెట్టినప్పుడు కింద నా బంగాళాదుంపలు కుళ్ళేవి," అంది. "నువ్వు కిటికీలు తెరవవనే అనేవారు నన్నూ. ముప్ఫై ఏళ్ళు తెరిచాను."

ఆల్ముట్ పార ఆపింది. "తెలిసే నన్ను అదే మాట అన్నారా అత్తయ్యా?"

ముసలామె తల దించుకుంది. "ఇంకో మాట నాకు రాలేదమ్మాయ్."

ఆల్ముట్‌కి జాలీ కోపమూ కలిసి వచ్చాయి. పర్వాలేదని అనలేదు. పర్వా ఉంది. ఇర్మ్‌గార్డ్ వంగి, బెరడు ముక్కల్ని ఒక్కొక్కటే బకెట్లో వేయసాగింది.

రెండింటికి బడి నుంచి వచ్చి ఫోల్కర్ సైకిల్ దిగాడు. గోడ పొడుగునా కందకం ఉంది. వేళ్ళకి మట్టి అంటుకునే ఉన్న పొదలు పచ్చిక మీద వరసగా పడున్నాయి.

"ఎవర్ని అడిగి తవ్వావు?"

"ఎవర్నీ అడగలేదు," అంది ఆల్ముట్. "ఆ వేళ్ళు ఎండకముందే ఇంటికి దూరంగా గుంట తీసుకో. రెండో పార గ్యారేజీలో ఉంది."