ఏసోబు పొట్టలో నీళ్లు

ఏసోబు పొట్ట కుండలా ఉబ్బేసరికి, దాచేపల్లి పక్కన వాళ్ల ఊళ్లో ప్రతివాడూ డాక్టరైపోయాడు. తాగి తాగి లివర్ చెడిందని తేల్చేశారు. బాప్తిస్మం తీసుకున్నాక సారా చుక్క ముట్టలేదని అతనెంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. అంతకుముందు క్వారీలో పని దిగగానే పీకల దాకా తాగి రోడ్డు మీద దొర్లిన మనిషి మరి, అదెవరు మర్చిపోతారు! పాస్టర్ క్రాంతి కుమార్ అయితే ఇంటికే వచ్చి, "సంగతి తేలేదాకా ప్రభువు బల్లకాడికి రామాక ఏసోబూ" అని చల్లగా చెప్పి పోయాడు. చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే వెనక చాప మీద ఊరికే కూర్చోవడమంటే తల తీసేసినంత పని.

భార్య సువార్తమ్మ ఊరుకుంటుందా? "మా ఆయన తాగితే ఆ వాసన నాకు రాదంటయ్యా? మీ ముక్కులు అంత గొప్పయ్యా?" అని వీధిలో నిలబడి అందరినీ దులిపేసింది. అదంతా పైకే. లోపల ఆమెకూ అనుమానమే. మొగుడు నిద్రపోగానే నోటి దగ్గర ముక్కు పెట్టి చూసేది. ఏ వాసనా రాకపోతే మనసు కుదుటపడాలి కదా, పడేది కాదు. పాడు అనుమానం, దానికి సాక్ష్యం అక్కర్లేదు.

నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టర్ నజీమా అతని పొట్ట పక్కగా సూది గుచ్చి నీళ్లు తీసింది. పచ్చగా, కాస్త మసకగా ఉన్నాయవి. చేతి నుంచి రక్తం కూడా తీయించింది.

"రక్తంలో ఉన్న ప్రొటీన్‌నీ, ఈ నీళ్లలో ఉన్నదాన్నీ పోల్చి చూస్తే, ఇది లివర్ వల్ల వచ్చిందో కాదో చాలా వరకు తెలుస్తుందమ్మా. నీళ్లలో ఎలాంటి కణాలున్నాయో కూడా చూస్తారు. టీబీ అయితే మాత్రలతో నయమవుతుంది. ఇంకోటైతే కష్టం."

"తాగినందువల్ల కాదని తేలుద్దా డాక్టరమ్మా?" సువార్తమ్మ అడిగింది అదొక్కటే.

రిపోర్టు వచ్చేదాకా ఆమె ఉపవాసముండి ప్రార్థన చేసింది. మొగుడు బతకాలని కాదు, తాగలేదని తేలాలని. ఆ రెంటికీ ఉన్న తేడా ఆమెకు తట్టనే లేదు.

ఇద్దరూ మళ్లీ వెళ్లినప్పుడు నజీమా కాగితాలు చూసి, "లివర్ బాగానే ఉందమ్మా. ఇది తాగడం వల్ల వచ్చింది కాదు" అంది.

"స్తోత్రం ప్రభువా!" సువార్తమ్మ కుర్చీలోంచి లేచి కేకేసింది. బయట వరసలో ఉన్నవాళ్లు తొంగి చూశారు. వెళ్లి ఆ పాస్టర్ మొహాన ఈ కాగితం కొట్టాలనుకుంది. సంతోషం పట్టలేక నవ్వేసింది కూడా.

డాక్టర్ ఆమెను కూర్చోమంది. "టీబీ కూడా కాదమ్మా. నీళ్లలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. అది పొట్టంతా పాకింది. ఎక్కడ మొదలైందో ఇంకా చూడాలి. నయం చేయగలమని మాత్రం చెప్పలేను."

సువార్తమ్మ మొహాన నవ్వు అట్లాగే ఉండిపోయింది. దాన్నెట్లా తీసేయాలో ఆమెకు తెలియలేదు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ఏసోబు మెల్లగా పెళ్లాం వైపు తిరిగాడు.

"ఊరోళ్ల సంగతి పోనియ్యే. నువ్వన్నా ఇప్పుడు నమ్మావా?"

"నమ్మానయ్యా" అంది ఆమె.

అతను తృప్తిగా తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఆ తృప్తి చూడలేక సువార్తమ్మ భోరున ఏడ్చింది.