అతకని చీటీ

ఒహాయో బొగ్గు గనుల్లో మేము సమ్మె చేసినప్పుడు గవర్నరు సైన్యాన్ని పంపాడు. వాళ్ళు కాల్చి చంపిన ముగ్గురిలో మా అబ్బాయి ఐవర్ ఒకడు. వాడికి ఇరవై ఏళ్ళు. మరుసటి ఏడు అదే గవర్నరు రెండోసారి ఎన్నికలకు నిలబడ్డాడు.

మేముండే ఇల్లు గని కంపెనీది. గవర్నరు కంపెనీ మనిషి. అప్పట్లో ఏ పార్టీ ఓటు కాగితం ఆ పార్టీయే అచ్చువేసి పంచేది. ఆయన పార్టీ ఓటు కాగితం పసుపు రంగుది, అవతలి పార్టీది తెల్లది. చేతిలో ఏది ఉందో వీధంతా చూసేది. తెల్లది పట్టుకున్నవాడికి వారంలో ఇల్లు పోయేది.

అందుకని అవతలివాళ్ళు చాటుగా జిగురు చీటీలు పంచారు. వేలెడంత చీటీ మీద వాళ్ళ మనిషి పేరు. తడిపి గవర్నరు పేరు మీద అతికిస్తే చాలు, కాగితం పసుపుదే, ఓటు మాత్రం వాళ్ళది. నా భార్య హెస్టర్ ఒకటి తెచ్చి నా టోపీలో పెట్టింది.

పొద్దున గని దగ్గర ఫోర్మన్ క్రాబ్‌ట్రీ పసుపు కాగితాలు పంచాడు. నేను ఓట్లు వేసే బడి వెనక్కి వెళ్ళి చీటీ నాకి అతికించాను. నోట్లో పొగాకు ఉంది. దుమ్ము గొంతులోకి పోకుండా గనిలో అందరం నమిలేదే. ఉమ్మేయాలని తోచలేదు.

గుమ్మంలో క్రాబ్‌ట్రీ నన్ను ఆపాడు. "పైకెత్తి పట్టుకో గోమర్. గవర్నరుగారికి కాస్త గాలి తగలనీ." వెనకవాళ్ళు నవ్వారు. పైకెత్తి, తీసుకెళ్ళి పెట్టెలో వేశాను.

సాయంత్రం మా ముందే పెట్టె బల్ల మీద బోర్లించారు. కాగితాల మధ్య చీటీ విడిగా పడింది, గోధుమరంగు పొగాకు మరకతో. ఊడిన చీటీ లెక్కలోకి రాదని, అది ఊడొచ్చిన కాగితం గవర్నరుకే పడుతుందని ఓట్లు లెక్కపెట్టే గుమాస్తా చెప్పాడు. క్రాబ్‌ట్రీ చీటీని వెలుతురులో తిప్పి చూశాడు. ఎవరిదని అడిగాడు. పొగాకు నమలనివాడు అక్కడ లేడు. నోరు మూసుకుంటే అంతటితో పోయేది.

"నాది," అన్నాను. "దాని కాగితం తీసి అతికించండి."

"ఏ కాగితం, పెద్దాయనా?" అన్నాడు గుమాస్తా.

నూట నలభై ఉన్నాయి. అన్నీ ఒకటే, అన్నిటి మీదా బొగ్గు చేతుల మరకలే. అతను చీటీ పక్కన పెట్టి లెక్క చదివాడు. గవర్నరుకు నూట నలభై. అవతలాయనకు ఏమీ లేవు.

ఆదివారంలోపు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు క్రాబ్‌ట్రీ. గొంతు పెంచలేదు.

ఇంటికి వెళ్ళేసరికి హెస్టర్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

"అతుక్కుందా?" అంది.

"లేదు. నాదేనని చెప్పాను."

చేతిలో ఉన్న దుంప పూర్తిచేసింది. చేతులు తుడుచుకుని, మంచం కింద నుంచి పెట్టె లాగి, అందులో అన్నిటికంటే ముందు ఐవర్ బూట్లు సర్దింది.