ఊపిరి యంత్రం మీద రెండు మీటలు

"ఊదు! ఊదు! ఇంకా ఇంకా, ఆపొద్దు!"

ఆసుపత్రిలో ఊపిరి కొలిచే యంత్రం గొట్టంలో ఊదుతున్నది రోషెల్. మా పక్కింటి ఒడెస్సా కూతురు. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది. చివరికొచ్చేసరికి దగ్గుతెర ముంచుకొచ్చి కుర్చీలోనే ముందుకు వంగిపోయింది. అంతకుముందే మా అబ్బాయి లాందో ఊదాడు. ఇద్దరూ ఎనిమిదేళ్ళవాళ్ళు. ఒకే ఎత్తు, ఒకే తరగతి, ఒకే అంతస్తు. ఒకే రహదారి లారీల పొగ, ఒకే గోడల బూజు పీల్చి పెరిగారు. మా బ్రాంక్స్‌లో పిల్లలకు ఉబ్బసం పాలపళ్ళలా వస్తుంది. కాకపోతే ఊడిపోదు.

యంత్రం తెరమీద ఇద్దరి గీతలూ నేను చూశాను. రోషెల్ గీత మావాడి గీతకంటే ఒక పిసరు కిందే ఉంది. నేను మంచాన పడ్డ ముసలివాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేదాన్ని. డాక్టరీ నాకు తెలియదు. కానీ కింద ఉన్నది కిందే ఉందని చెప్పడానికి డాక్టరీ ఎందుకు?

యంత్రం నడిపే అమ్మాయిని పిల్లలంతా మిస్ అంటారు. ఆమె లాందో మొహం చూసి ఒక మీట నొక్కింది. మావాడు వాళ్ళ నాన్నలా తెల్లగా ఉంటాడు. "ఊపిరి తక్కువగా ఉంది. రోజూ పీల్చే మందు మొదలుపెట్టాలి" అంది. రోషెల్ నల్లటి మొహం చూసి పక్క మీట నొక్కింది. "ఈ పాపకేం ఫరవాలేదు. మామూలే."

"మామూలేంటి?" అంది ఒడెస్సా. "మెట్లెక్కితే మూడో అంతస్తులో కూలబడిపోద్ది. అది మామూలా?"

"నల్లవాళ్ళ ఊపిరితిత్తులు పుట్టుకతోనే కాస్త చిన్నవండీ. ఆ లెక్క యంత్రమే చూసుకుంటుంది. ఈ పాపకి ఇది మామూలే."

ఆ అమ్మాయి దురుసుగా అనలేదు. అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు మర్యాదగానే అంది. అందుకే నాకు ఒళ్ళు మండింది.

లోపల పెద్ద డాక్టరు లాందోకి మందు పీల్చే నారింజ రంగు పంపు రాశాడు. రోషెల్‌కి మళ్ళీ పాత నీలం పంపే. ఇంట్లో బొద్దింకలున్నాయా, ఎవరైనా సిగరెట్ తాగుతారా అని ఒడెస్సానే అడిగాడు. నన్ను అడగలేదు. బొద్దింకలు మా ఇద్దరి ఇళ్ళ మధ్యా గోడ పట్టుకుని తిరుగుతాయి, వాటికి నలుపూ తెలుపూ లేదు. చివర్లో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "పాపని ఎమర్జెన్సీకి మాటిమాటికీ తెస్తున్నారు. ఇల్లు సరిగా చూసుకోకపోతే పిల్లల సంరక్షణ శాఖకి చెప్పాల్సి వస్తుంది."

ఒడెస్సా స్కూలు బస్సు నడుపుతుంది. లారీ డ్రైవర్లను అద్దం దించి మరీ తిట్టే మనిషి. ఆ మాట వినగానే రోషెల్‌ని దగ్గరికి లాక్కుంది. ఆమె అక్క పిల్లల్ని ఆ శాఖవాళ్ళే తీసుకుపోయారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి చిన్నది తల్లిని గుర్తుపట్టలేదు.

వింటున్న మీలో చదువుకునే పిల్లలున్నారు, రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్ళున్నారు. ఆ పంపుల సంగతి మీకు చెప్పాలి. నీలం పంపు ఆయాసం వచ్చాక పీల్చేది, అంటే ఇల్లు అంటుకున్నాక పోసే నీళ్ళు. నారింజ పంపు రోజూ పొద్దునా సాయంత్రం పీల్చేది, అసలు నిప్పే రాజుకోకుండా ఆపుతుంది. నది అవతల, తెల్లవాళ్ళ పేటల్లో పిల్లలకు నారింజ పంపు రాస్తారు. మా పిల్లలకు నీళ్ళు పోసుకోమంటారు. పోసుకున్నాక, ఇల్లెందుకు తగలబెట్టుకున్నారని మమ్మల్నే అడుగుతారు.

ఒడెస్సాతో నేనన్నాను: "ఏడవకు. మావాడి పంపు ఉందిగా. ఇద్దరికీ పంచుదాం."

పొద్దున లాందో, సాయంత్రం రోషెల్. మా అంతస్తులో ఇది కొత్తేమీ కాదు. పంచదార పంచుకుంటాం, మంచాలు పంచుకుంటాం, దుకాణంలో బాకీ కూడా పంచుకుంటాం. మందుకి ఆ లెక్క కుదరదని మాకు తెలియలేదు. సగం మందు ఇద్దరికీ సగం ప్రాణం కూడా పోయలేదు. మావాడికి పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి. మందు అయిపోయింది. ఇంకోటి అడిగితే అప్పుడే ఎలా అయిపోయిందని మందుల దుకాణంవాడు తిప్పి పంపాడు.

ఒక మధ్యాహ్నం స్కూలు వదిలాక ఒడెస్సా మా తలుపు బాదింది. వెళ్ళి చూస్తే రోషెల్ మంచం అంచు పట్టుకుని కూర్చుని ఉంది. ప్రతి ఊపిరికీ మెడ దగ్గర గుంట పడుతోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. నీలం పంపు ఎంత కొట్టినా ఆయాసం దిగడంలేదు. పెదాల రంగు మారుతోంది.

"అంబులెన్సు పిలిచావా?"

ఒడెస్సా తల అడ్డంగా ఊపింది. ఫోను చేతిలోనే ఉంది. "పిలిస్తే తీసుకుపోతారు నెరీ. నా పిల్లని తీసుకుపోతారు."

"పిలవకపోతే పోతుందే పిచ్చిదానా!"

ఫోను లాక్కుని నేనే పిలిచాను. రోషెల్ నా వైపు చూస్తోంది. మాట్లాడటానికి గాలి లేదు దానికి. ఆ చూపుకి పడ్డంత భయం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. మంచం కింద దాక్కోవాలనిపించింది, నిజం చెబుతున్నాను.

పిల్ల బతికింది. బతికిన మర్నాడే శాఖవాళ్ళ మనిషి ఆసుపత్రికి వచ్చింది. "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని ఒడెస్సాని అడిగింది.

తెస్తే ఎందుకు తెచ్చావంటారు. తేకపోతే ఎందుకు తేలేదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇల్లు చూడటానికి వస్తామని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

డోన్యా ప్రొవి మమ్మల్నందరినీ నేలమాళిగలో బట్టలుతికే గదికి పిలిచింది. ఆమె మా బిల్డింగుకే పెద్ద, డోన్యా అంటే అమ్మగారు అన్నట్టు. ఓ చలికాలం ఇంటి ఓనరు ఇళ్ళు వెచ్చబెట్టే ఆవిరి గొట్టాలు ఆపేస్తే, అందరి అద్దెలూ ఆపించి వాడిచేత వేడి పెట్టించిన ముసలిది. ఉతికే యంత్రాలు గడగడలాడుతుంటే అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

పంపు పంచిన సంగతి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"తెలివి తెల్లారినట్టే ఉంది" అంది డోన్యా ప్రొవి. "ఒక రొట్టె ఇద్దరు తింటే ఇద్దరికీ ఆకలే. రొట్టెలు దాచుకున్నవాడు మాత్రం హాయిగా నిద్రపోతాడు. వాడికి నువ్వు చేసిన సాయం అది."

"మరేం చెయ్యమంటారు డోన్యా?"

"అందరం వెళ్దాం. ప్రతి పిల్లకీ ఒకే మీట నొక్కమందాం."

గదిలో గగ్గోలు లేచింది. పోలీసులొస్తారని ఒకరు, ఉద్యోగం పోతుందని ఒకరు. నాలుగో అంతస్తు మిలాగ్రోస్ చేతులు కట్టుకుని లేచింది. "నేను రాను. ఇది నల్లవాళ్ళ గొడవ. ఒడెస్సా, ఏమీ అనుకోవద్దు, మేం పోర్టోరికోవాళ్ళం. మా మీట వేరు."

డోన్యా ప్రొవి నవ్వింది. "మిలాగ్రోస్, మీ అమ్మమ్మ తల నేను దువ్వానే. దువ్వెన పళ్ళు ఇంకా ఆ నల్లవాళ్ళ నొక్కుల జుట్టులోనే విరిగి ఉండి ఉంటాయి. సరే గానీ, నీ పెద్దాడు ఆ అమ్మమ్మ పోలిక, చిన్నాడు తెల్లగా నీ మొగుడి పోలిక. ఆ మిస్ ఎవరికి ఏ మీట నొక్కింది?"

ఎవరో ఉతికే యంత్రం ఆపేశారు.

"చిన్నాడికి నారింజ పంపు ఇచ్చారు" అంది మిలాగ్రోస్ చివరికి, మెల్లగా. "పెద్దాడికి మామూలే అన్నారు. నేను సంతోషించాను. వాడేమో దిండ్లు పేర్చుకుని కూర్చునే పడుకుంటాడు. సోకులు పోతున్నాడని తిడుతున్నాను వాణ్ణి."

"ఒక కడుపున పుట్టినవాళ్ళకి రెండు మీటలా!" అని ఎవరో గట్టిగా అన్నారు. అప్పటిదాకా గొణుక్కుంటున్నవాళ్ళు కూడా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నాకు మాత్రం ధైర్యం రాలేదు. మావాడికి రాసిన మందు కూడా లాగేసుకుంటారేమోనని లోపల పీకుతూనే ఉంది.

వెళ్ళాం. మా బిల్డింగువాళ్ళం, పక్క బిల్డింగువాళ్ళు, పిల్లలు, తోపుడుబళ్ళలో పసివాళ్ళు. లిఫ్టులో పట్టక మెట్లెక్కాం. ఎక్కుతుంటే పిల్లల పిల్లికూతలు మెట్ల దారంతా వినిపించాయి. వరండాలో పేరు పిలిచేదాకా ఆగలేదు. నేరుగా యంత్రం ఉన్న గదికి పోయి నిలబడ్డాం.

పెద్ద డాక్టరు పరుగున వచ్చాడు. "ఏంటిది? ఇది ఆసుపత్రి!"

"అందుకే వచ్చాం" అంది డోన్యా ప్రొవి.

ఒడెస్సా రోషెల్‌ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, పిల్ల ఇంకా వాడిపోయే ఉంది. అయినా ఊదింది. మిస్ అలవాటు ప్రకారం మొహం చూసి మీట నొక్కింది. మామూలే అని వచ్చింది.

"ఇప్పుడు పక్క మీట నొక్కండి" అంది ఒడెస్సా.

"అది శాస్త్రం" అన్నాడు డాక్టరు. "మీ ఇష్టం వచ్చినట్టు నొక్కేది కాదు."

"నేను శాస్త్రాన్ని తిట్టడంలేదండీ. పక్క మీట నొక్కమంటున్నా. అంతే."

మిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు నా భుజం మీదుగా ఒక చెయ్యి ముందుకొచ్చి ఆ మీట నొక్కింది. మిలాగ్రోస్ చెయ్యి. తెర ఎర్రబడింది. ఊపిరి బాగా తక్కువ, వెంటనే వైద్యం కావాలి అని వచ్చింది. రోషెల్ మళ్ళీ ఊదలేదు. అదే ఊపిరి.

అంతమంది తల్లులు ఒకేసారి తమ పిల్లల వైపు తిరిగి చూశారు. మామూలే అన్న మాట నమ్మి పిల్లల్ని ఎన్నిసార్లు గదమాయించారో ప్రతి ఒక్కరికీ గుర్తొచ్చి ఉంటుంది.

పోలీసులు వచ్చారు. వాళ్ళ బూట్ల చప్పుడికే పసివాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు యంత్రానికి అడ్డంగా నిలబడ్డ ఒడెస్సా ముందుకొచ్చాడు. "మేడమ్, బయటికి నడవండి. లేదంటే అరెస్టు చేస్తాం. పాప మీదేనా? తల్లిని తీసుకెళ్తే పిల్లని శాఖకి అప్పగించాల్సి ఉంటుంది, ఆలోచించుకోండి."

ఒడెస్సా రోషెల్ భుజం పట్టుకుంది.

అప్పుడు డాక్టరు గొంతు తగ్గించి అన్నాడు: "చూడమ్మా, ఇదంతా ఎందుకు? మీ పాపకి ఆ మందు ఇచ్చేస్తాను. ఇప్పుడే, ఇక్కడే. తీసుకుని అందరూ ఇంటికెళ్ళండి." బీరువా తెరిచి నారింజ పంపు తీసి చాపాడు.

ఒట్టేసి చెబుతున్నాను, నా కాళ్ళు గుమ్మంవైపు తిరిగాయి. ఇంకేం కావాలి? పిల్ల బతుకుతుంది, తల్లి దగ్గరే ఉంటుంది. తీసుకోవే తల్లీ, పోదాం పద అని నా ప్రాణం కొట్టుకుంది. అందరూ ఒడెస్సానే చూస్తున్నారు. తీసుకుని వెళ్ళిపోయినా ఆమెని తప్పుపట్టేవాళ్ళు ఆ గదిలో లేరు.

"నెరీ" అంది ఒడెస్సా. "తీసుకో. ముందు దానికి పట్టించు."

తీసుకున్నాను. మూత తీసి, ఊపి, రోషెల్ నోట్లో పెట్టాను. పిల్ల పీల్చి, బిగబట్టి, వదిలింది. "నోరు పుక్కిలించు" అంది ఒడెస్సా. పుక్కిలించేదాకా ఆగింది. డాక్టరు తేలికపడ్డట్టు చేతులు తుడుచుకున్నాడు.

"నా పిల్లకి అందింది" అంది ఒడెస్సా. "మిలాగ్రోస్ పెద్దాడికి?"

"ఆ అబ్బాయి విషయం వేరు. తర్వాత చూద్దాం."

"అయితే మేం ఎవరం కదలం."

అని, ఆ ఎత్తైన మనిషి యంత్రం ముందు నేలమీద కూర్చుంది. ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టుకుని లేపారు. చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశారు. "అమ్మా!" అని రోషెల్ అరిచింది. ఆ అరుపు సగంలోనే దగ్గయిపోయింది.

మూడోవాడు నా వైపు వచ్చాడు. "పిల్లని వదులు."

వదల్లేదు. ధైర్యంతో కాదు. చేతులు బిగుసుకుపోయాయి. పిల్లని ఒళ్ళోకి లాక్కుని కూలబడ్డాను. నేను కూర్చోవడం చూసి డోన్యా ప్రొవి గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. తర్వాత వరండాలోవాళ్ళు, మెట్ల మీదవాళ్ళు, మాతో రానివాళ్ళు, టోకెన్ పట్టుకుని వంతు కోసం వచ్చినవాళ్ళు కూడా కూర్చున్నారు. నన్ను చేరాలంటే వాడు పసిపిల్లల్ని తొక్కుకుంటూ రావాలి. ఆగి, తన పై అధికారి మొహం చూశాడు. ఆ పూట రోషెల్‌ని మా మధ్యనుంచి ఎవరూ తీసుకుపోలేకపోయారు.

ఒడెస్సాని ఈడ్చుకుపోతున్నారు. వరండా చివర్నుంచి ఆమె కేక వినిపించింది, లారీ డ్రైవర్లను తిట్టే గొంతు: "కుర్చీ ఖాళీగా ఉంచకండే! తర్వాతి పిల్లని ఎక్కించండి!"

మిలాగ్రోస్ లేచింది. తన పెద్దాణ్ణి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. వాడు ఊదాడు. గీత లేచి, వంగి, ఆగింది. మిస్ వేలు మీటలదాకా వెళ్ళింది. అలవాటుగా తలెత్తి వాడివైపు తిరగబోయింది.

"వాడి మొహం చూడకు మిస్" అంది మిలాగ్రోస్. "గీత చూడు."